రెండు గడపల దూరం

సోమవారం. పడమటి గాలి, దుమ్ము.

పొద్దున ఫోను ఎత్తితే ఎర్రకోన తంతి పలికింది. ఉప్పుగుండు తంతి పలకలేదు. చెవిలో గురగుర కూడా లేదు. తెగిన తంతిలో ఒక రకం మూగతనం ఉంటుంది, వినగానే తెలిసిపోతుంది. పెట్టేసి, మేకవెంట్రుకల కుంచెతో డబ్బాల ఫ్యాన్లు తుడిచాను. మళ్ళీ ఎత్తాను. అదే మూగ.

నా తర్వాత వచ్చేవాడికి అర్థమయ్యేలా రాయమంటాడు కుళ్ళాయప్ప మామ. అందుకని మొదటినుంచీ రాస్తాను. మాది గాలితిప్ప గడప. కబుర్లు అందుకుని దాటించే చోటును గడప అంటాం. కొండ మీద ఒకే ఒక గాలిమర ఇంకా తిరుగుతోంది, దాని కరెంటుతో రెండు పాత కంప్యూటర్లు నడుస్తాయి. మూడోదాన్ని విప్పి విడిభాగాలకు వాడుకుంటున్నాం. మా తాతల కాలంలో ఈ డబ్బాల్లో బొమ్మలు చూసేవాళ్ళట, పాటలు వినేవాళ్ళట. ఆకాశం మూగబోయి, గాలిలో వచ్చే కబుర్లు ఆగిపోయాక వీటికి మిగిలింది ఒకటే పని. ఒక ఊరి కబురు ఇంకో ఊరికి దాటించడం. కబురు రాగానే డబ్బా ఏ వైపు దగ్గరో చూసుకుంటుంది, ఆ వైపు గడపకు ఫోను కలుపుతుంది, కూస్తుంది, కబురు అటు తోసేసి పెట్టేస్తుంది.

మాకు రెండే తంతులు. ఒకటి లోయ దాటి ఉప్పుగుండుకు, అక్కడినుంచి పెన్నగడ్డ ఆసుపత్రికి. రెండోది ఎర్రకోనకు. అంటే మా నుంచి పెన్నగడ్డకు రెండు గడపలు. ఏ కబురూ పదిహేను గడపలకు మించి బతకదు. అందుకే దోవ లేని చోటుకు పదహారు అంటాం.

లోయలో తంతి వెంట వారానికోసారి నడిచి రావడం నా పని. శుక్రవారం శుక్రవారం నడవాలి. నడిచి చాలా రోజులైంది. సైకిలు చక్రాల మీద పలక బిగించి, దానికి పాత గుడారం గుడ్డ చాపలా కట్టాను. శుక్రవారం వస్తే పెద్దరోడ్డు మీద దాన్ని వదులుతాను. గాలి తగిలిందంటే ఆ ఖాళీ రోడ్డు మీద నన్ను ఆపే మొగోడు లేడు. ఏడో తరగతిలో బడి మానేసింది కూడా ఇలాంటి పనుల కోసమే. ఒకచోట కూర్చుంటే నాకు అరికాళ్ళు దురద పెడతాయి.

ఎర్రకోన గడప మస్తాన్‌బీ అక్కది. ఆమెను ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. పొద్దున పలకరింపుకు ఫోను కలిపింది.

"ఏమబ్బా ఓబులేసూ, లేసినావా? పండుకోనే మాట్లాడతాండావా?"

"లేసినాలే అక్కా. డబ్బాలకు నీళ్ళు గూడా పోసినా."

"పోస్తావు, పోస్తావు. మీ మామ నీ తోలు దీసి వాటికి కప్పుతాడు. చెప్పు, పెన్నగడ్డకు ఎంత?"

ఎన్ని గడపల దూరమో చెప్పే ఈ అంకె మాట రాయాలి. డబ్బాలే ఒకదానికొకటి చెప్పుకోగలవు. కానీ ఎప్పుడో ఒక పిచ్చిపట్టిన డబ్బా, లోకమంతా తన పక్కనే ఉందని చెప్పి, కబుర్లన్నీ తన వైపు లాక్కుని మింగేసిందట. అప్పట్నుంచీ అంకె మనిషి నోటినుంచే రావాలి. అవతలి గడపవాళ్ళు విని తమ డబ్బాలో వేలితో కొట్టుకుంటారు. నిజమా కాదా అని పరీక్షించరు. పరీక్షించడమంటే ఒకరి ఇంట్లో ఇచ్చిన మంచినీళ్ళు వాసన చూసి తాగడం లాంటిది.

పదహారు అనాలి. అంటే ఏమైంది అని అడుగుతుంది. తంతి ఎప్పుడు నడిచావు అని అడుగుతుంది. సాయంత్రానికి మామ చెవిన పడుతుంది.

"రెండు," అన్నాను.

"నాది మూడు. కొట్టుకో."

కొట్టుకున్నాను. ఆమెకు మూడు ఉందంటే నా డబ్బా అటు పంపుతుంది, కబుర్లు కొంచెం చుట్టు తిరిగి పోతాయి, అంతే కదా అనుకున్నాను. రేపు లోయలోకి దిగి తంతి అతికేస్తే ఎవరికీ తెలియదు.

మంగళవారం. గాలి తగ్గింది.

లోయలోకి దిగాను. కొండచరియ జారి తంతి స్తంభాలను పూడ్చేసింది. నిన్న మొన్న జారింది కాదు, రాళ్ళ సందుల్లో గడ్డి మొలిచింది. తంతి ఇన్నాళ్ళూ ఆ బరువు కింద సాగి సాగి చివరికి తెగింది. ఒక్క శుక్రవారం ఇటు వచ్చి ఉంటే కనబడేది.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కొత్త తంతి కావాలి. అవతలి నుంచి ఉప్పుగుండు ఎర్రిస్వామన్న లాగాలి, ఇవతలి నుంచి నేను లాగాలి. అంటే మామకు చెప్పాలి.

ఎక్కి వచ్చేసరికి మామ గడప ముందు రాతి మీద కూర్చుని డబ్బా కూత వింటున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను.

"యాడికి పోయింటివిరా? నువ్వు లేకపోయినా నీ డబ్బా చూడు, ఎట్ల కూస్తాందో! పొద్దన్నుంచి ఆపలా."

నిజంగానే ఆపలేదు. కూసి పెట్టేస్తుంది, ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ మోగుతుంది. మామ ముఖంలో అంత సంతోషం నేను చూసి చాలా ఏళ్ళైంది. పోయిన ఏడు పెద్దలు కూడినప్పుడు గాలితిప్పలో పని తక్కువ, ఆ డబ్బాలు వేరే గడపకు ఇచ్చేద్దామన్నారు. మామ ఒక్కడే అడ్డం పడ్డాడు.

"మేక తప్పిపోతే దేవులాడడానికి పోయింటి," అన్నాను.

"దొరికిందా?"

"దొరికింది."

మాకు తప్పిపోయిన మేక లేదు. ఆయన లెక్కపెట్టలేదు.

బుధవారం.

పలకరింపులో మస్తానక్క గొంతు వేరేగా ఉంది. లేచావా అని ఎగతాళి చేయలేదు.

"ఓబులేసూ, మా నూరి కాలికి తుప్పు రేకు దిగబడింది నాయినా. మొన్న. కడిగి పసుపు కట్టినా. రాత్రి నుంచి ఒళ్ళు పేలిపోతాంది. పాదం కుండలెక్క వాచింది. పెన్నగడ్డకు నిన్ననే కబురు పెట్టినా, బూజు మందు తెమ్మని. బదులేమన్నా నీ కాడికి వచ్చిందా?"

నూరి ఆమె కూతురు. ఫోనులో అప్పుడప్పుడు వెనక నుంచి అరుస్తుంటుంది. పన్నెండేళ్ళు ఉంటాయేమో. బూజు మందు ఆసుపత్రివాళ్ళే కుండల్లో పెంచుతారు, తీశాక ఎక్కువ రోజులు నిలవదు. అందుకని కబురు అందితేనే బండి కడతారు, ఊరికే తిప్పరు.

"రాలే అక్కా. దోవలో ఉంటాదిలే," అన్నాను.

"దోవలో ఉంటాదంటావా?"

"ఉంటాది."

"సరే. నీ అంకె?"

"రెండు."

చెప్పాక ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాను. రెండు అనడానికి ఇప్పుడు కారణం కూడా వెతుక్కోలేదు. సోమవారం అన్నాను కాబట్టి అన్నాను.

డబ్బా రోజంతా కూసింది. మధ్యాహ్నానికి జనం మూగారు. మేకలు తోలుకొస్తున్న ముసలమ్మ ఒకామె గుమ్మంలో నిలబడి, "ఈ డబ్బాకు పెండ్లి చేస్తాండార్రా? ఏం మేళంరా నాయనా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరో ఒక చెంబు పాలు తెచ్చి నా ముందు పెట్టారు, గడపోడు అలసిపోయాడని.

తాగాను.

గురువారం. ఎండ.

పశ్చిమం నుంచి చుట్టు తిరిగి ఒక కబురు వచ్చింది, నా పేరు మీద. ఉప్పుగుండు ఎర్రిస్వామన్న పంపాడు. తంతి తెగితే ఆ మాట ముందు దాన్ని చూసుకునేవాడికే చెప్పాలి, ఊరంతా చాటకూడదు. అది గడపవాళ్ళ మర్యాద. ఆయన ఆ మర్యాద తప్పలేదు.

"ఓబులేసూ, మన తంతి సచ్చింది. నీకు ఎరికే అనుకుంటా. పదహారు చెప్పినావు గదా? బాగు చేసే దినం చెప్పు, నేను లోయలోకి దిగుతా."

చదివి చెరిపేశాను. తర్వాత కూర్చుని డబ్బా తెరలో కబుర్ల వరస చూశాను. చూడకుండా ఉండాల్సింది అనిపించింది.

ఒక్కో కబురుకూ ఒక నంబరు ఉంటుంది. ఒకే నంబరు ఎర్రకోన నుంచి వచ్చింది, ఎర్రకోనకే పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. పక్కన ఎన్ని గడపలు దాటిందో ఉంటుంది. తొమ్మిది. పదకొండు. పదమూడు. పదిహేను. ఆ తర్వాత ఆ నంబరు లేదు. చచ్చిపోయింది. దాని వెనక ఇంకో నంబరు, అదే పాడు.

బడిలో లెక్కలు రాకపోతే అయ్యవారు వేళ్ళ మీద కొట్టేవాడు. ఈ లెక్క నాకు ఎవరూ కొట్టకుండానే అర్థమైంది. మస్తానక్క మూడు అని చెప్పింది. ఆ మూడు ఎక్కడిది? నేను రెండు అన్నాను కాబట్టి, నా దగ్గరికి ఒకటి కలుపుకుని మూడు అంది. ఆమెకు వేరే మూడు లేదు. పశ్చిమం నుంచి ఆమెకు ఉన్న దోవ ఏడు గడపలు. నేను రెండు అంటుంటే ఆమె డబ్బా ఏడు వైపు ఎందుకు చూస్తుంది? నాకే పంపుతుంది. నాకు తంతి లేదు కాబట్టి నా డబ్బా ఆమె మూడును నమ్మి ఆమెకే పంపుతుంది. నా అబద్ధాన్ని నేనే ఆమె నోట విని, నిజమని నమ్మి, నా డబ్బాలో కొట్టుకున్నాను.

ఈ కూతంతా అదే. ఈ కొండ మీద జనం మూగింది, పాలు తెచ్చి పెట్టింది, కబుర్లు రెండు గోడల మధ్య తల కొట్టుకుని చచ్చే చప్పుడుకు. అందులో నూరి కబురు ఉంది. మస్తానక్క రోజూ మళ్ళీ పంపుతోంది, రోజూ చస్తోంది.

ఫోను ఎత్తి ఒక్క మాట చెబితే చాలు. ఎత్తాను కూడా. అవతల గంట మోగకముందే పెట్టేశాను. ఆమె ఎప్పటి నుంచి అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. సోమవారం అనే మాట నోట్లో పెట్టుకుని చూశాను. బయటికి రాలేదు. రేపు పలకరింపులో పదహారు అంటాను, ఈ రోజే తెగిందన్నట్టు అంటాను, అనుకున్నాను. నలుగురికీ మంచిదే కదా అనుకున్నాను. ఇక్కడ రాస్తుంటే తెలుస్తోంది, ఆ నలుగురిలో మొదటివాణ్ణి నేనే అని.

శుక్రవారం.

పలకరింపుకు ముందే మామ పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. పోయిన ఏడు డబ్బాలు తీసేద్దామన్నవాళ్ళే. తెల్లపంచెలు కట్టుకుని వచ్చారు. మామ వాళ్ళను నా పక్కనే చాప మీద కూర్చోబెట్టాడు.

"ఇనండి. మా ఓబులేసు ఎట్ల గడప నడుపుతాండాడో మీ చెవులార ఇనండి. బడి మానేసినోడు, దేనికీ పనికిరాడు అన్నారు గదా మీరు?"

"మేమెప్పుడన్న్యామప్పా?" అన్నాడు వాళ్ళలో ఒకాయన. "నీ మేనల్లుడు, నువ్వే అన్న్యావు."

"నేను అంటే వాడు నాకు అల్లుడు, అనొచ్చు. మీరు అనగూడదు."

నవ్వులు. ఆ నవ్వుల్లో ఫోను మోగింది. ఎత్తాను.

"ఓబులేసూ." మస్తానక్క గొంతు సగమైంది. "బదులు రాలే గదా?"

"రాలే అక్కా."

"పాదం నల్లబడతాంది నాయినా. వేళ్ళ కాడ. ఈడ వైద్యుడు చేతులెత్తేసినాడు. ఆసుపత్రోళ్ళకు ఏమొచ్చిందో తెలీదు. మాట తప్పేటోళ్ళు గాదు వాళ్ళు. నీకేమన్నా తెల్సా?"

మామ నా వైపు చూస్తున్నాడు. ఆయన మీసం కొసలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకుంటున్నాడు. పెద్దమనుషులు మెడలు చాచి వింటున్నారు. నా చెవిలో ఏం వినబడుతోందో వాళ్ళకు తెలియదు. నా నోట్లోంచి వచ్చేదే తెలుస్తుంది.

"తెల్దక్కా."

"సరే. అంకె చెప్పు."

"రెండు."

"రెండు!" అన్నాడు మామ, తొడ చరిచి. "ఈ సుట్టుపక్కల పెన్నగడ్డకు ఇంత దగ్గర గడప ఇంకోటి చూపండి!"

ఈ రోజు తంతి నడవలేదు. రోడ్డు మీదికీ పోలేదు. గాలి బాగుంది. గాలిమర నీడ గోడ మీద తిరుగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను.

శనివారం.

పలకరింపు వేళ కాదు. వంటల వేళ. ఫోను మోగింది. డబ్బాకు అందకముందే ఎత్తాను. మస్తానక్క ఏడవడం లేదు. ఏడుపు కంటే అదే భయమేసింది.

"చీలమండ దాకా ఎక్కింది," అంది. "నేను బిడ్డను ఎత్తుకోని నడిచి పోతా. లోయ దాటి, ఉప్పుగుండు మీద, పెన్నగడ్డకు. నీ తంతి ఎంబడి దోవ ఉంటాది గదా? నడిచే దోవేనా అది? బిడ్డను మోసుకోని దిగొచ్చునా?"

ఆ చరియ కళ్ళ ముందు కనబడింది. ఆ రాళ్ళ మీద బిడ్డను మోసుకుంటూ ఆమె.

"దిగొద్దక్కా," అన్నాను.

"ఏంటికి?"

"చరియ జారింది. దోవ లేదు. తంతి గూడా లేదు. పదహారు అక్కా. నాది పదహారు. నా వైపు పంపొద్దు. పడమటికి పంపు, ఇప్పుడే పంపు."

అవతల వేళ్ళు మీటలు నొక్కే చప్పుడు వినబడింది. నా అంకె మారుస్తోంది. ముందు పని చేసింది. తర్వాత అడిగింది.

"ఎప్పట్నుంచి?"

"సోమవారం."

ఫోను పెట్టేసింది.

నిమిషంలో మా డబ్బా కూత ఆగిపోయింది. గది అంతా ఫ్యాన్ల గాలి తప్ప ఏమీ లేదు. కొండ మీద ఆ నిశ్శబ్దం అందరికీ వినబడినట్టుంది. మామ పరుగెత్తుకుంటూ వచ్చాడు, డబ్బా చచ్చిపోయిందని. అంతా చెప్పాను. మేక అబద్ధంతో సహా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"నిన్న ఆ మనుషుల్ని తెచ్చి నీ పక్కన కూసోబెట్టినా గదరా," అన్నాడు. అంతే అన్నాడు. గోడకు తగిలించిన తంతి చుట్ట దించి, పట్టకారు దాని మీద పెట్టి, నా ముందుకు తోసి, వెళ్ళిపోయాడు.

ఆదివారం నుంచి బుధవారం వరకు కలిపి రాస్తున్నాను.

తంతి కట్టాం. అవతలి నుంచి ఎర్రిస్వామన్న దిగాడు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, నోరు ఊరుకోదు. "కబురు పంపితే బదులు లేదు. నీకు పెండ్లి కుదిరిందేమో, సిగ్గుపడతాండావేమో అనుకున్నా," అన్నాడు. నేను నవ్వలేదు. "ఏమిరా, నిజంగానే కుదిరిందా?" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆ తర్వాత ఆయన కూడా మాట్లాడలేదు. ఎండలో రాళ్ళు దొర్లించాం, తంతి లాగాం. చేతులు పొక్కులెక్కాయి. ఆ నొప్పి బాగుందనిపించింది, అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

మందుల బండి పడమటి దోవన పోయిందని ఎర్రిస్వామన్నే చెప్పాడు. శనివారం రాత్రే కబురు అందిందట. కబురు ఎంత తొందరగా చేరినా బండి ఆ చుట్టుదారి అంతా నడవాల్సిందే. డాక్టరు కూడా వెంట పోయింది. బిడ్డ బతికింది. పాదం తీసేశారు.

తంతి కట్టడం అయిపోగానే మామకు చెప్పి ఎర్రకోనకు నడిచాను. ఆయన అడ్డుచెప్పలేదు.

గురువారం. ఎర్రకోన.

మస్తానక్క ఇంటి ముందు ఒక ముసలాయన మంచం నేస్తున్నాడు. ఇల్లు చూపించి మళ్ళీ నులకలోకి తల దూర్చాడు. తలుపు తీసింది ఆమే. నేను అనుకున్నంత పెద్దది కాదు, పొట్టిగా, నుదుటి మీద చెమటతో. నన్ను ఎగాదిగా చూసింది. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాను.

"ఎవురు నాయినా? దూరం నుంచి వస్తాండావా? కూసో. నీళ్ళిస్తా."

మాట్లాడలేదు. మాట్లాడితే తెలిసిపోతుంది. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగాను. ఇంకా కావాలా అని పోయబోయింది.

"చాలక్కా," అన్నాను.

చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. తలుపు వెనక్కి దగ్గరగా వేసి, నన్ను అరుగు చివరికి నడిపించింది.

"ఏంటికి వచ్చినావు?"

"నూరికి చెప్పాల. నీకూ."

"నాకు చెప్పినావు. బిడ్డకు ఏం చెప్పొద్దు." గొంతు తగ్గించింది. "కొండ జారి తంతి తెగింది, ఎవురి తప్పూ లేదు అని చెప్పినా దానికి. ఊళ్ళో గూడా అదే చెప్పినా. నీ కోసం గాదు. గడపోడు అబద్ధం చెప్తాడని జనానికి తెలిస్తే, రేపట్నుంచి ఎవురి అంకె ఎవురు కొట్టుకుంటారు? ఎవురి కబురు ఎవురి చేతిలో పెడతారు? ఒక్క నా బిడ్డ కాలితో పోయేది గాదు అది. చూడాలనుకుంటే చూడు. నోరు తెరవొద్దు. చూసి పో."

తల ఊపాను. ఊపినప్పుడు నిజంగానే ఊపాను.

నూరి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం పీక్కుపోయింది, కళ్ళు మాత్రం ఒక్కచోట ఆగడం లేదు. దుప్పటి ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు కురచగా ఉంది. మస్తానక్క గుడ్డలు, వేణ్ణీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టింది. కట్టు మార్చే వేళ అయింది.

"ఎవురమ్మీ ఈయన?"

"గాలితిప్ప ఆయన. తంతి కట్టినాడు. నిన్ను చూడడానికి వచ్చినాడు."

ఆ పిల్ల ముఖం విప్పారింది. "నువ్వేనా తంతి కట్టింది? అంత పెద్ద చరియ కాడ? మా అమ్మీ చెప్పింది, కొండే జారిందంట గదా." పెద్దవాళ్ళు నేర్పినట్టు చేతులు జోడించింది. "శానా మేలు చేసినావన్నా."

ఆ మాట మోయలేకపోయాను. మస్తానక్క కళ్ళు నన్ను వద్దు వద్దు అంటూనే ఉన్నాయి. అయినా చెప్పేశాను. తంతి నేను చూసుకోలేదని. తెగినాక తెలిసి కూడా రెండు అన్నానని. నీ కబురు నా దగ్గర, మీ అమ్మ దగ్గర తిరిగి తిరిగి చచ్చిందని. సోమవారమే చెప్పి ఉంటే మందు ముందే వచ్చేదని. చెబుతున్నంతసేపూ నా గుండె మీద బరువు ఒక్కో మాటకూ దిగుతోంది. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం.

నూరి నన్ను చూడలేదు. తల తిప్పి వాళ్ళమ్మను చూసింది.

"నీకు తెల్సా?"

మస్తానక్క కట్టు గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"ఎవురి తప్పూ లేదంటివి. నేను అడిగితే ఖురాన్ మీద గూడా చెయ్యి పెట్టి చెప్తివి." పిల్ల గొంతు పైకి లేచింది. "నాకు అబద్ధం చెప్తివా అమ్మీ?"

"నూరీ, నా మాట ఇను..."

"ఇనను."

మస్తానక్క కట్టు గుడ్డ పట్టుకుని మంచం మీద వంగింది. నూరి ఆ చేతిని తోసేసింది. గుడ్డ కింద పడింది. మస్తానక్క నా వైపు చూసింది. కోపం కాదు, నా మీద కోపం కూడా దండగ అన్నట్టుంది ఆ చూపు.

"ఇప్పుడు నీకు తేలికైందా ఓబులేసూ?"

అయింది. అందుకే తల ఎత్తలేకపోయాను. నేను దించుకున్న బరువు గదిలో ఎక్కడ పడిందో కళ్ళ ముందే ఉంది. వారం రోజులు నిద్ర లేకుండా ఆ బిడ్డ పక్కన కూర్చున్న మనిషిని ఆ బిడ్డ తాకనివ్వడం లేదు.

వెళ్ళిపోదామని లేచాను.

"యాడికి?" అంది నూరి. ఏడుస్తోంది, కానీ మాట గట్టిగానే వచ్చింది. "నువ్వు కట్టు. నువ్వే కట్టు."

నాకు రాదు అన్నాను. నేర్చుకో అంది.

గుడ్డ కిందనుంచి తీసి పక్కన పడేసి, ఉతికినది ఇంకోటి తీసుకున్నాను. చేతులు వేణ్ణీళ్ళలో ముంచి కడుక్కున్నాను. పొక్కులు చురుక్కుమన్నాయి. దుప్పటి తొలగించి పాత కట్టు విప్పాను. చివరి పొర అంటుకుపోయి ఉంది, నీళ్ళు చిలకరించి మెల్లగా లాగాను. నూరి పళ్ళు బిగించి నా ముఖంలోకే చూస్తోంది. కళ్ళు తిప్పుకోనివ్వలేదు. కొత్త గుడ్డ ఒక చుట్టు చుట్టాను, రెండో చుట్టు చుట్టాను.

మస్తానక్క గుమ్మం దగ్గరికి వెళ్ళి, బయటికి పోలేక, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఆమె గొంతు నాకు రోజూ ఫోనులో వినబడే గొంతులాగే, దూరం నుంచి వచ్చింది.

"అంత బిగియొద్దు. లోపల ఇంకా పచ్చిగా ఉంది."

విప్పి మళ్ళీ మొదలుపెట్టాను.